180 గంటల వెనక 70 ఏళ్లు

మే నెల. ఉదయం పదిన్నరకే ఎండ చుర్రుమంటుంది. మెడలో కాలేజీ ఐడీ కార్డు, చేతిలో క్లిప్ ప్యాడ్‌తో ఇద్దరు ఫస్టియర్ పిల్లలు గుమ్మం ముందు నిలబడతారు. లోపలి నుంచి వచ్చే మొదటి మాట విశాఖలో ఏ వార్డుకెళ్లినా ఇంచుమించు ఒకటే: "మొన్నే రాసుకెళ్లారు కదా, మళ్లీ ఏటి?"

ఆ పిల్లలు చేస్తున్నది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. కాలేజీల్లో అందరూ సీఎస్పీ అంటారు. డిగ్రీ మొదటి ఏడాది పూర్తయ్యాక వేసవిలో 180 గంటలు, దానికి 4 క్రెడిట్లు. చాలామంది దీన్ని నిన్నగాక మొన్న పుట్టిన తంతు అనుకుంటారు. నిజానికి విద్యార్థిని తరగతి గది దాటించి జనంలోకి పంపాలన్న తర్జనభర్జన మన దేశంలో 1950 నుంచీ నడుస్తోంది. గుమ్మంలో ఎదురయ్యే ఆ ప్రశ్నకు సరైన జవాబు లేకపోవడానికి మూలం కూడా ఆ చరిత్రలోనే ఉంది.

మొదట మాట ఎత్తింది సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ (1948-49). కాలేజీల్లో జాతీయ సేవ స్వచ్ఛందంగా ఉండాలన్నది దాని సిఫార్సు. రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) వైస్ ఛాన్సలర్, అంటే ఈ ఊరికి బాగా తెలిసిన మనిషే. 1950లో కేంద్ర విద్యా సలహా మండలి ఆ సిఫార్సును చర్చకు తీసుకుంది. మొదటి పంచవర్ష ప్రణాళిక విద్యార్థుల శ్రమ, సేవ గురించి మాట్లాడింది. 1958లో నెహ్రూ ముఖ్యమంత్రులకు రాస్తూ, పట్టా పుచ్చుకోవాలంటే ముందు సమాజ సేవ చేసి ఉండాలన్న నిబంధన గురించి ప్రస్తావించారు. మరుసటి ఏడాది సీ.డీ. దేశ్‌ముఖ్ కమిటీ ఇంకో అడుగు ముందుకేసింది. హైస్కూలు ముగించి కాలేజీలో చేరబోయే ప్రతి ఒక్కరూ 9 నెలల నుంచి ఏడాది పాటు తప్పనిసరిగా సేవ చేయాలంది. అంత ఖర్చు భరించలేక ఆ ప్రతిపాదన అటకెక్కింది. 1960లో విద్యావేత్త కె.జి. సయ్యిదైన్ వేరే దేశాల పద్ధతులు చూసొచ్చి మళ్లీ స్వచ్ఛందం వైపే మొగ్గారు. నిర్బంధమా, ఇష్టమా అన్న ఈ ఊగిసలాటే దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. ఆ పిల్లలు ఏం చేయాలి, తాము చదివేదానికి దాన్ని ఎలా ముడిపెట్టాలి అన్నవి మాత్రం పక్కకు పోయాయి.

ఇదే కాలంలో కాలేజీ గ్రౌండ్లలో కవాతు జోరుగా ఉండేది. 1948లో పుట్టిన ఎన్‌సీసీని చైనా యుద్ధం తర్వాత 1963లో తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. కవాతు వద్దనుకున్నవాళ్లకు వేరే దారి కావాలన్న ఆలోచనకు కొఠారీ విద్యా కమిషన్ (1964-66) మాట కూడా తోడైంది. అన్ని దశల్లోనూ విద్యార్థికి ఏదో ఒక రూపంలో సమాజ సేవ ఉండాలన్నది ఆ మాట. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, నాటి కేంద్ర విద్యామంత్రి వీ.కే.ఆర్.వీ. రావు 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకాన్ని (ఎన్‌ఎస్‌ఎస్) ప్రారంభించారు. మొదటి ఏడు చేరింది సుమారు 40,000 మంది.

ఎన్‌ఎస్‌ఎస్ లెక్కలు కాలేజీ మొహం చూసినవాళ్లకు తెలిసినవే. యూనిట్‌కు సాధారణంగా 100 మంది, ఒక ప్రోగ్రాం ఆఫీసరు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు. దత్తత తీసుకున్న ఊళ్లో ఒక ప్రత్యేక శిబిరం. ఒకప్పుడు 10 రోజులుండేది, ఇప్పుడు 7 రోజులు. ఆ ఏడింటిలో మొదటి రోజు స్కూలు గదులు ఊడ్చుకుని సామాన్లు సర్దుకోవడంతో సరి, ఆఖరి రోజు ముగింపు సభ. చేతికి మిగిలేది ఐదు రోజులు. ఐదు రోజుల్లో కాలవ పూడిక తీయొచ్చు, రోడ్డు వార గోతులు పూడ్చొచ్చు, ఒక వైద్య శిబిరం పెట్టొచ్చు. కెమిస్ట్రీ చదివే అమ్మాయికీ కామర్స్ చదివే అబ్బాయికీ అక్కడ దొరికేది అదే పార, అదే తట్ట. దాని విలువ దానికుంది. పంక్తి భోజనాల్లో, తట్టలు అందించుకోవడంలో కలిసే స్నేహం వేరే ఎక్కడా రాదు. కానీ నేర్చుకున్న సబ్జెక్టు మాత్రం కాలేజీలోనే ఉండిపోయేది.

చేతులతో నేర్చుకోవడం విశాఖకు కొత్తేం కాదు. అయితే అది సేవ పేరుతో రాలేదు, ఊరి స్వభావాన్ని బట్టి వచ్చింది. రేవు ఉంది, 1941లో మొదలైన నౌకా నిర్మాణ కేంద్రం ఉంది, ఎదురుగా సముద్రం ఉంది. 1950లలో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి పాఠాలు చెప్పారు. విద్యార్థుల్ని నౌకాదళ ఓడలెక్కించి బంగాళాఖాతంలోకి తీసుకెళ్లారు. తీగ చివర సీసా దించి ఏ లోతులో నీరు ఎంత చల్లగా ఉందో, ఎంత ఉప్పగా ఉందో కొలవడం వాళ్ల పని. తర్వాతి కాలంలో మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున కనుగొన్న మూడు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు, కృష్ణ అంటే వైస్ ఛాన్సలర్ వీ.ఎస్. కృష్ణ. ఇది సబ్జెక్టు తాలూకు పని, నిఖార్సైన పని. కాకపోతే అందులో ఊరి జనం లేరు.

అంటే ఈ ఊళ్లో రెండు పాయలు చాలాకాలం వేరువేరుగా పారాయి. శిబిరంలో జనం ఉన్నారు గానీ సబ్జెక్టు లేదు. ల్యాబులో, ఓడ మీద సబ్జెక్టు ఉంది గానీ జనం లేరు.

రెండూ కలవకపోతే ఏమవుతుందో 2014 అక్టోబరు 12 తర్వాత కళ్లారా కనబడింది. హుద్‌హుద్ తుపాను ఊరి పచ్చదనాన్ని ఊడ్చేసింది. కాలేజీల పిల్లలు రోడ్ల మీద కొమ్మలు నరికి తీశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి మొక్కలు నాటారు. కానీ నాటే తేదీని ఎక్కువసార్లు నిర్ణయించింది క్యాలెండరే. జూన్ 5 పర్యావరణ దినోత్సవం కాబట్టి జూన్ 5నే నాటాలి. ఆ రోజుకి ఇక్కడ రుతుపవనం ఇంకా నిలదొక్కుకోదు, నేల సెగలు కక్కుతుంటుంది. రెండో తప్పు మొక్కతో వచ్చే నల్ల కవరు. దాన్ని కోయకుండా గోతిలో దించితే వేరు లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. మూడు నాలుగేళ్లు బాగానే పెరిగిన చెట్టు గట్టి గాలికి మొదలంటా పడిపోతుంది. బోటనీ చదివేవాళ్లకు ఇది తెలియంది కాదు, వాళ్లను ఎవరూ అడగలేదు అంతే. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు గొయ్యి మే నెలలోనే తవ్వి ఎండనివ్వాలి. జులైలో రెండు మంచి వానలు పడ్డాక కవరు చీల్చి, చుట్టుకున్న వేర్లు కత్తిరించి నాటాలి. గాలి వచ్చే వైపు కర్ర పాతి, తాడు కాస్త వదులుగా కట్టాలి. బిగించి కడితే కాండం బలపడదు.

పైస్థాయిలో ఈలోగా పథకాలు వరసకట్టాయి. 2014 నవంబరులో ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చింది, ఒక్కో సంస్థ ఐదేసి గ్రామాలు దత్తత తీసుకోవాలి. 2020 జాతీయ విద్యా విధానం సమాజ సేవకు క్రెడిట్లుండాలన్న మాట గట్టిగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సీఎస్పీ, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక పూర్తి సెమిస్టరు. ఉన్నత విద్యా మండలి మార్గదర్శకాల్లో ఒక ముఖ్యమైన వాక్యం ఉంది: సీఎస్పీ అనేది ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీల మామూలు కార్యక్రమాలకు భిన్నంగా ఉండాలి. విద్యార్థి తన సబ్జెక్టు కోణంలోంచి తను ఉండే చోటికి దగ్గర్లోని వార్డునో గ్రామాన్నో చూడాలి. విడిపోయిన రెండు పాయల్ని ఒక్క కాలవలోకి మళ్లించే ప్రయత్నం ఇది.

కాగితం మీద లెక్క బాగుంది. వారం ప్రాథమిక సర్వే, వారం అవగాహన కార్యక్రమాలు, మూడు వారాలు అసలు పని, వారం నివేదిక. ఆరు వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఐదు గంటలు, సరిగ్గా 180. లాగ్‌బుక్ మీద మెంటరు సంతకం, చివర వైవా.

అతుకు ఊడేది సర్వే దగ్గరే. చాలాచోట్ల ఫారం ఒకటే. ఆ ఫారానికి వెనకటి బ్యాచ్ రిపోర్టే తల్లి. యాభై అరవై ప్రశ్నలు, ఇంటికి నలభై నిమిషాలు. పది ప్రశ్నలు దాటాక ఇల్లాలి చూపు పొయ్యి వైపు పోతుంది, ఆపైన వచ్చే జవాబులు వదిలించుకునే జవాబులే. ఇరవై ప్రశ్నలు మించకూడదు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అసలు అడగకూడదు. వాటితో పిల్లలకు పనిలేదు, అడిగిన మరుక్షణం తలుపు సగం మూసుకుంటుంది. ఇళ్ల ఎంపిక కూడా అంతే. 300 ఇళ్లలో 60 చూడాలంటే ప్రతి ఐదో ఇల్లు తీసుకోవాలి, మొదటిది చీటీ వేసి తేల్చాలి. తాళం ఉంటే సాయంత్రం ఇంకోసారి, ఆదివారం మరోసారి వెళ్లాలి గానీ పక్కింటితో సరిపెట్టకూడదు. పగలు తాళం ఉండే ఇళ్లంటే ఆలుమగలిద్దరూ పనికి పోయేవాళ్లవే. వాళ్లను వదిలేస్తే వార్డులో కూలికెళ్లే ఆడవాళ్లే లేరని తేలుతుంది.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మన సీఎస్పీ పడేదీ ఆ రోజుల్లోనే. జాలరిపేటలో మే నెలలో "నెల ఆదాయం ఎంత?" అని అడిగితే సున్నానో, అప్పు లెక్కో వస్తుంది. దాన్ని పన్నెండుతో గుణించి ఏడాది ఆదాయమని రాసేసిన రిపోర్టు చూడ్డానికి చక్కగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు. ఇక్కడ చింతపిక్కలు కావాలి. నేల మీద సుద్దముక్కతో పన్నెండు గళ్లు గీస్తారు. గళ్లకు నెలల పేర్లకన్నా సంక్రాంతి, ఉగాది, వేట మొదలు, వినాయక చవితి, దీపావళి అని గుర్తులు పెడితే జనానికి తేలిక. ఇంటివాళ్ల చేతికి అరవై పిక్కలిచ్చి, ఏడాది సంపాదన ఇది అనుకుని ఏ గడిలో ఎన్ని పడతాయో పెట్టమనాలి. ముందు గుప్పెడు ఒకేచోట పోస్తారు, తర్వాత పక్కింటావిడ వచ్చి "అప్పుడు వాన్లు కదేటి, పడవలే దిగలేదు" అంటుంది, రెండు పిక్కలు పక్కకు జరుగుతాయి. ఆ జరిగిన రెండు పిక్కలే అసలు సమాచారం. ఫొటో తీసి, లెక్కపెట్టి, పిక్కలు తిరిగి తీసుకుంటారు. ఖర్చు లేదు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఎకనామిక్స్ పాఠంలోని రుతు నిరుద్యోగం అంటే ఏమిటో ఆ గళ్లలో కనబడుతుంది. నిషేధం వల్ల ఒక లాభమూ ఉంది. మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ మాట్లాడతారు.

సైన్సు పిల్లలకు నీళ్లు మంచి పని. రైవాడ నుంచి, ఏలేరు కాలవ నుంచి, మేఘాద్రిగెడ్డ నుంచి వచ్చే నీరు ఊరి చివరి కుళాయికి చేరేసరికి ఎలా ఉందో చూడ్డానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. క్లోరోస్కోప్‌లో నీళ్లు పోసి రీఏజెంటు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నంతమేర పసుపెక్కుతుంది. కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి, లీటరుకు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు సీసాలో నీళ్లు పట్టుకుని కాలేజీకి తెచ్చి పరీక్షించడం. ఎండలో, సంచిలో, బస్సులో గంటన్నర గడిచేసరికి క్లోరిన్ ఎగిరిపోతుంది. అన్ని కుళాయిలకూ సున్నా వస్తుంది, వార్డు మొత్తం కలుషితమని రాసేస్తారు, మున్సిపల్ సిబ్బంది ఒక్క చూపులో కొట్టిపారేస్తారు. క్లోరిన్ కుళాయి దగ్గరే చూడాలి. ముందు రెండు మూడు నిమిషాలు నీరు వదిలేయాలి, అదీ సంపు నుంచి వచ్చే కుళాయి కాకుండా వీధి పైపు కుళాయై ఉండాలి. సూక్ష్మజీవుల కోసం హెచ్‌టూఎస్ సీసా ఉంది. గీత దాకా నీళ్లు నింపి మూత పెట్టి నీడలో ఉంచితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడ్డం మలినానికి సూచన. మూత లోపలి వైపు వేలు తగిలితే ఆ నలుపు కుళాయిది కాకపోవచ్చు, వేలిది కావచ్చు. ఇక టీడీఎస్ మీటరు. రెండువందల చిల్లర చూపిస్తే నీళ్లు మంచివని, తొమ్మిదివందలు చూపిస్తే విషమని చెప్పేస్తుంటారు. అది కరిగిన లవణాల లెక్క మాత్రమే, క్రిముల సంగతి చెప్పదు. ప్రమాణం ప్రకారం 500 దాకా మంచిది, వేరే నీరు దొరక్కపోతే 2000 దాకా తాగొచ్చు. తీరానికి దగ్గరి బోర్లలో ఆ అంకె వేసవిలో ఎంత పెరుగుతోందో మాత్రం రాసి పెట్టుకోదగిన సంగతి, ఉప్పునీరు లోపలికి జొరబడుతోందా అన్నది దాన్నిబట్టే అనుమానించాలి.

వేసవిలో షాపుల్లో, క్యాటరింగులో పనిచేసి ఫీజుకు కూడబెట్టుకునే పిల్లలకు ఈ ఆరు వారాలు అక్షరాలా జీతం నష్టం. దాని గురించి మార్గదర్శకాలు మాట్లాడవు. లాగ్‌బుక్ మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో వైవా ముందు రాత్రి నిండుతోందంటే బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఉండే వీధినే కేటాయించి, ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక విడత, సాయంత్రం ఇంకో విడతగా గంటలు విడగొట్టుకోనిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. కుళాయిలు వచ్చేదీ, జనం ఇంట్లో ఉండేదీ ఆ వేళల్లోనే.

మిగిలింది నివేదిక. స్పైరల్ బైండింగు చేసి డిపార్టుమెంటు బీరువాలో పెడితే మరుసటి ఏడాది పిల్లలు మళ్లీ ఒకటో ప్రశ్న నుంచి మొదలెడతారు. "మొన్నే రాసుకెళ్లారు కదా" అన్న మాట అక్కడే పుడుతోంది. వెళ్లే ముందు ఒక్క పేజీ తెలుగులో రాసి ఒక ప్రతి వార్డు సచివాలయానికి ఇచ్చి, ఒకటి రామమందిరం గోడకు అంటించాలి. ఇంకో ప్రతి తర్వాతి బ్యాచ్‌కి. అందులో ఇంటివాళ్ల పేర్లు ఉండకూడదు. వీధి, కుళాయి సంఖ్య, తేదీ, వచ్చిన అంకె చాలు. నాలుగో వీధి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ సున్నా అని ఉంటే, కొత్త పిల్లలు ఫారం బయటికి తీసేముందు ఆ కుళాయి తిప్పి చూడాలి.