తరగతి గదిలో తెరల తగాదా: మూలం 2008 నాటి ఒప్పందంలోనే

చెడిపోయిన ఇంటరాక్టివ్ ప్యానెళ్లను (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలను) బాగు చేయించాల్సింది ఎవరు, పిల్లలకు ట్యాబ్‌లు మళ్లీ ఇవ్వాలా వద్దా అన్న చర్చ తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రభుత్వ బడుల్లో మళ్లీ రాజుకుంది. పరికరం మంచిదా కాదా అన్న దగ్గరే వాదన ఆగిపోతోంది. నేటి తగాదా అర్థం కావాలంటే 2008కి వెళ్లాలి.

ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబ్‌ల పథకం మొదలైంది. 2004 డిసెంబరులో కేంద్రం తెచ్చిన ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) పథకం దానికి ఆధారం కాగా, అమలుకు ఎంచుకున్నది ‘బూట్’ పద్ధతి. అంటే ప్రైవేటు సంస్థే కంప్యూటర్లు తెచ్చి, ల్యాబ్ అమర్చి, శిక్షకులను పెట్టుకుని ఐదేళ్లు నడిపి, గడువు తీరాక అంతా బడికి అప్పగించి వెళ్లిపోతుంది. ఒక్కసారిగా అంత పెట్టుబడి పెట్టలేని ప్రభుత్వానికి ఇంతకన్నా దారి లేదని అధికారులు అప్పట్లో చెప్పారు. అందులో కొంత నిజముంది.

ఉపాధ్యాయులు చెప్పేది వేరు. ఆ ఐదేళ్లూ ల్యాబ్ బడి ఆవరణలో ఉన్నా బడిది కాలేదు. మౌస్ పనిచేయకపోయినా, యూపీఎస్ బ్యాటరీ దిగిపోయినా సంస్థ మనిషి రావాలి. లెక్కల మాస్టారో, సైన్సు టీచరో ఆ యంత్రాలను తమ పాఠంలో కలుపుకోవాలన్న ఆలోచన ఒప్పందంలో పెద్దగా కనిపించదు. కంప్యూటర్ పాఠం ఒక విడి పీరియడ్‌గా, తక్కువ జీతానికి వచ్చిన ఒక విడి మనిషి బాధ్యతగా మిగిలింది. 2013లో గడువు ముగియడంతో శిక్షకులు ఉద్యోగాలు పోయి రోడ్డెక్కారు. యంత్రాలు మాత్రం బడికి దఖలు పడ్డాయి.

చిత్తూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో అలాంటి గదిని నేను చూశాను. ఇనుప గ్రిల్ తలుపుకు తాళం, తాళంచెవి ప్రధానోపాధ్యాయుల సొరుగులో. లోపల కీబోర్డుల మీద కప్పిన ప్లాస్టిక్ కవర్లు తీయనే లేదు, వాటిపై వేలు పెడితే గీత పడేంత దుమ్ము. బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి. స్టాక్ రిజిస్టరులో మాత్రం అన్నీ ‘ఉన్నట్టే’ ఉన్నాయి. పారేయడానికి అనుమతి లేదు, బాగు చేయించడానికి పద్దు లేదు. గదులు చాలక వరండాలో తరగతి నడుస్తున్న బడి అది.

ఇలా జరగక తప్పదనుకోవడానికి వీల్లేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. ఉదయం పూట బడి పిల్లలకే కేటాయించారు. చెడిపోయిన సెట్ల కోసం ఇస్రో ప్రత్యేకంగా మరమ్మతు కేంద్రాలు నడిపింది. అంటే మరమ్మతు కూడా పథకంలో భాగమే. 2004 సెప్టెంబరు 20న, నేడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి విద్య కోసమే రూపొందించిన 1,950 కిలోల ఉపగ్రహం ఎడ్యుశాట్ నింగికెగిసినప్పుడు అలాంటి ఆశే మళ్లీ చిగురించింది. 2010లో ఆ ఉపగ్రహం సేవలు ముగిశాయి.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మరొకటి ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో ఏకోపాధ్యాయ బడుల కోసం అట్టకార్డుల పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక కార్డు పెట్టి, దాని మీద జంతువు బొమ్మో పక్షి బొమ్మో వేస్తే, పిల్లవాడు గోడ మీది నిచ్చెన పటం చూసి తన కార్డు తానే వెతుక్కుంటాడు. కార్డు చిరిగితే టీచరే కొత్తది రాసుకుంటారు. 1995లో కర్ణాటక బడుల్లో మొదలైన ‘నలి-కలి’ బోధన పద్ధతికి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధనకు ఈ పద్ధతే స్ఫూర్తి. పొరుగు రాష్ట్రాలు మన దగ్గర నేర్చుకున్నది అట్టముక్కల గురించి కాదు, బోధన సామగ్రి టీచరు చేతిలో ఉండడం గురించి. ఆ పాఠం 2008 ఒప్పందం రాసినవారికి ఎందుకు గుర్తు రాలేదో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తర్వాతి కథలో సరుకు మారింది గానీ పద్ధతి మారలేదు. 2022 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్‌తో రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందం, అదే డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు మూడేళ్ల వారంటీతో ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభం, మరుసటి ఏడాది ‘నాడు-నేడు’ పథకం కింద బాగుచేసిన బడుల్లో సుమారు 30 వేల ప్యానెళ్లు. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఇప్పుడు ప్యానెల్ ఆగిపోతే ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉండేది కేంద్ర పాఠశాల విద్యా పథకం ‘సమగ్ర శిక్ష’ నుంచి వచ్చే పాఠశాల గ్రాంటు. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి అది ఏడాదికి 50 వేల రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, మరుగుదొడ్ల శుభ్రత, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోంచే జరగాలి. మండలానికి ఒక టెక్నీషియన్‌ను నియమించి, విడిభాగాలకు వేరే పద్దు ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. అది జరిగేలోపు, నల్లబడిన తెర పక్కనే ఉన్న ఆకుపచ్చ బోర్డు మీద సుద్దముక్కతో భిన్నాలు చెబుతున్న టీచరును ప్యానెల్ ఎందుకు వాడడం లేదని సంజాయిషీ అడగడం న్యాయం కాదు.