సయాటికా: తప్పు డిస్కుదా, పిరుదు కండరానిదా?

నడుము దగ్గరో పిరుదు దగ్గరో మొదలై, తొడ వెనక నుంచి పిక్క మీదుగా పాదం దాకా జివ్వున లాగే నొప్పిని మన దగ్గర అందరూ సయాటికా అనే అంటారు. కొందరు నరం పట్టేసిందంటారు, కొందరు నరం మీద నరం ఎక్కిందంటారు. ఆసుపత్రికి వెళ్తే ఎంఆర్ఐ తీయిస్తారు. రిపోర్టులో నడుం కింది వెన్నుపూసల మధ్య, అంటే ఎల్4-ఎల్5 దగ్గరో ఎల్5-ఎస్1 దగ్గరో, డిస్కు (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బిందని ఒక వాక్యం ఉంటుంది. దాంతో కేసు తేలిపోయినట్టే. యూట్యూబ్‌లోకి వెళ్తే తీర్పు ఇంకోలా ఉంటుంది: తప్పంతా పిరిఫార్మిస్ అనే కండరానిది, దాన్ని సాగదీస్తే రెండు నిమిషాల్లో నొప్పి మాయం! నా ఉద్దేశంలో ఇద్దరూ తొందరపడుతున్నారు. నరం ఎక్కడ నలుగుతోందో తెలుసుకోకుండా చేసే వ్యాయామం కొందరికి మేలు చేస్తుంది, కొందరికి ఉన్న నొప్పిని రెట్టింపు చేస్తుంది.

సయాటిక్ నరం మన ఒంట్లో అన్నిటికన్నా లావైన నరం. నడుం కింది భాగంలోని చివరి రెండు వెన్నుపూసల దగ్గర, వాటి కింద త్రికాస్థి అనే ముక్కోణపు ఎముక దగ్గర బయటికొచ్చే నరాల వేళ్లన్నీ కలిసి ఒక్కటై ఇది తయారవుతుంది. కటి ఎముక వెనకున్న పెద్ద సందులోంచి పిరుదులోకి దిగేచోట దీని వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. అదే సందులోంచి పిరిఫార్మిస్ కండరం కూడా బయటికొస్తుంది. అది త్రికాస్థి ముందు వైపున పుట్టి, పిరుదు లోతుల్లో అడ్డంగా సాగి, తొడ ఎముక పైకొసన పక్కగా చేతికి తగిలే బుడిపె మీద అతుక్కుంటుంది. ఎక్కువమందిలో నరం ఈ కండరం కింది అంచునుంచి జారి తొడలోకి పోతుంది. కండరం బిగుసుకున్నా, పడిపోయినప్పుడు దెబ్బ తగిలి వాచినా, నరానికి ఉన్న చోటు ఇరుకవుతుంది. దాన్నే పిరిఫార్మిస్ సిండ్రోమ్ అంటున్నారు. పిరుదుకు సూది వేసేటప్పుడు పై భాగంలో బయటి మూలనే ఎంచుకోమని నర్సులకు నేర్పేది కూడా ఈ నరానికి దూరంగా ఉండాలనే. తెలియనివాళ్లు కిందకో లోపలి వైపుకో గుచ్చడం వల్ల పాదం వాలిపోయిన పిల్లల్ని మన డాక్టర్లు చూస్తూనే ఉన్నారు.

కొందరిలో ఈ నరం పుట్టుకతోనే రెండు పాయలుగా చీలి, ఒక పాయ కండరం మధ్యలోంచి దూరి వస్తుంది. అలాంటివాళ్లకే ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని చాలాకాలం అనుకున్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆరు వేలకు పైగా మృతదేహాల పరిశీలనలను పోగుచేసి 2010లో చూస్తే, ఇలాంటి తేడా ఉన్నవాళ్లు దాదాపు 17 శాతం. పిరిఫార్మిస్ కోసం ఆపరేషన్ చేయించుకున్న రోగుల్లో ఆ తేడా దాదాపు 16 శాతం మందిలో కనిపించింది. అంటే రెండు చోట్లా ఒకటే. పుట్టుకతో వచ్చిన అమరికకన్నా, ఆ కండరాన్ని మనం రోజంతా ఏం చేస్తున్నామన్నదే ఎక్కువ పట్టించుకోవాలి.

ఈ వాదం నిన్నా మొన్నటిది కాదు. కాలిలోకి దిగే ఈ నొప్పి తుంటి కీలుది కాదు, నరానిది అని స్పష్టంగా విడదీసి చెప్పినవాడు నేపుల్స్ వైద్యుడు డొమెనికో కొటున్యో, 1764లో. నరం నలిగేది ఎక్కడన్న ప్రశ్న మాత్రం నూటయాభై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1928లో యోమన్ అనే వైద్యుడు పిరిఫార్మిస్ మీద అనుమానం లేవనెత్తాడు. 1930లలో అమెరికాలోని సిన్సినాటిలో ఆల్బర్ట్ ఫ్రైబర్గ్ అనే సర్జన్ ఆ దారినే పోయి కొందరు రోగుల్లో ఆ కండరాన్ని కోసి చూశాడు. కానీ 1934లో బోస్టన్ సర్జన్లు మిక్స్‌టర్, బార్ ప్రచురించిన పత్రం ఈ చర్చనంతా పక్కకు నెట్టేసింది. వెన్నుపూసల మధ్య డిస్కు చిట్లి నరం వేరును నొక్కుతుందని వాళ్లు తమ ఆపరేషన్ కేసులతోనే చూపించారు. 1947లో రాబిన్సన్ పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టేనాటికి వైద్యలోకమంతా డిస్కు వెంటే ఉంది. డిస్కుకు వేసిన ఆ పెద్దపీట చాలావరకు న్యాయమే, సయాటికా కేసుల్లో ఎక్కువ భాగం దానివే. పిరిఫార్మిస్ వాటా 0.3 నుంచి 6 శాతం దాకా అని రకరకాల అంచనాలున్నాయి. వాటి మధ్య ఇంత తేడా ఎందుకంటే, ఈ జబ్బును ఖాయంగా పట్టిచ్చే పరీక్ష ఒక్కటీ లేదు.

మరి ఎంఆర్ఐ ఉంది కదా అంటారు. 1994లో అమెరికాలో నడుంనొప్పి అనేదే లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కయినా ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. వయసు పెరిగేకొద్దీ జుట్టు నెరుస్తుంది, డిస్కులు ఉబ్బుతాయి. కాబట్టి రిపోర్టులో ఉన్న ఉబ్బు, కాలిలో ఉన్న నొప్పి ఒకే వైపు, ఒకే నరానికి సరిపోలితేనే డిస్కును తప్పుపట్టాలి. కుడి కాలు లాగుతుంటే ఎడమ వైపు ఉబ్బిన డిస్కుకు వైద్యం చేసి లాభం లేదు.

నొప్పి తీరును గమనిస్తే కొంత తెలుస్తుంది. డిస్కు నొప్పి దగ్గినా తుమ్మినా ముందుకు వంగినా చుర్రుమంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడవకుండా కాలు పైకి లేపితే 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో మోకాలి కింది దాకా కరెంటులా లాగుతుంది. తిమ్మిరికి కూడా హద్దులుంటాయి: ఎల్5 వేరు నలిగితే పాదం పైభాగాన బొటనవేలి వైపు, ఎస్1 నలిగితే చిటికెనవేలి వైపు. పిరిఫార్మిస్ నొప్పి పద్ధతి వేరు. అది నడుంలో కన్నా పిరుదు లోతుల్లో ఎక్కువ. కూర్చుంటే పెరుగుతుంది, లేచేటప్పుడు పట్టేస్తుంది, నాలుగడుగులు వేస్తే చాలామందికి కాస్త సర్దుకుంటుంది. పిరుదు మధ్యలో ఒక చోట వేలితో నొక్కితే అదే నొప్పి అక్కడే పలుకుతుంది. తుంటిని మడిచి మోకాలిని రెండో కాలి వైపుకు ఒత్తినా పలుకుతుంది. అరవై దాటినవాళ్లలో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండే నొప్పి ఒకటుంది: నడిస్తే కాళ్లు పీకుతాయి, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా ఉంటుంది. అది వెన్నుపాము గొట్టం ఇరుకవడం వల్ల వచ్చేది. రెండు అరికాళ్లూ సమానంగా మండుతుంటే సయాటికా గురించి ఆలోచించే ముందు షుగరు పరీక్ష చేయించుకోవాలి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం వ్యాయామాల జోలికి పోకూడదు. మలమూత్రాలు వచ్చేచోట, తొడల లోపలి వైపున మొద్దుబారినా, మూత్రం రాక ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. వెన్ను చివర నరాల గుత్తి నలుగుతోందని దాని అర్థం, ఆలస్యమైన ప్రతి గంటా నష్టమే. పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే అదీ వాయిదా వేసేది కాదు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో కూడా వదలని నడుంనొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక టీబీని ముందు అనుమానించాలి.

ఇవేవీ లేవు, నొప్పి పిరుదుదే అనిపిస్తోంది. అప్పుడు మొదట మార్చాల్సింది కూర్చునే తీరు. వెనక జేబులో పర్సు పెట్టుకుని గంటలతరబడి కూర్చునేవాళ్లకి ఆ వైపే కాలు లాగుతుందని 1970లలోనే అమెరికా వైద్య పత్రికలు రాశాయి. క్రెడిట్ కార్డులు వచ్చి పర్సులు లావెక్కిన రోజులవి. ఇప్పుడు మనకు ఫోన్‌పే వచ్చి పర్సు పలచబడింది కానీ కూర్చోవడం తగ్గలేదు. పల్లె దారుల్లో షేర్ ఆటో నడిపేవాళ్లని చూడండి. తన సీటు మీదే అటొకరిని ఇటొకరిని ఎక్కించుకుని, ఒక పిరుదు మీద బరువంతా వేసి, నడుం మెలితిప్పి రోజంతా బండి తోలతారు. వాళ్లకు స్ట్రెచింగులు చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఆ సీటు సంగతి ముందు చూడాలి. ఆఫీసులో ఉన్నవాళ్లకి చెప్పేది చిన్నదే: అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి. ఖరీదైన కుర్చీ కన్నా ఈ లేవడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఇక సాగదీయడం. ఈ కండరానికి ఒక చిత్రమైన గుణం ఉంది. నిటారుగా నిలబడ్డప్పుడు అది తొడను బయటికి తిప్పుతుంది. తుంటిని 90 డిగ్రీల దాకా మడిచేసరికి ఎముక మీద దాని లాగుడు దిశ మారిపోయి, తొడను పక్కకు ఎత్తడానికీ లోపలికి తిప్పడానికీ మొగ్గుతుంది. అందుకే దాన్ని సాగదీయాలంటే తుంటి బాగా మడిచి తొడను బయటికి తిప్పాలి. వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో మోకాలి మీద అడ్డంగా పెట్టి, కింద ఉన్న తొడను రెండు చేతులతో ఛాతీ వైపుకు లాక్కోవడం ఆ లెక్కనే పుట్టింది. 20 నుంచి 30 సెకన్లు ఆగి వదలాలి, మూడుసార్లు, రోజుకి రెండు పూటలా. లాగుడు పిరుదులోనే తెలియాలి. తొడ వెనక నుంచి పాదం దాకా తిమ్మిరి పాకితే సాగుతున్నది కండరం కాదు, నరం. వెంటనే సడలించాలి. బిగువు తగ్గాక, మడిచిన మోకాలిని ఎదుటి భుజం వైపుకు లాగడం రెండోది. రబ్బరు బంతి మీద కూర్చుని నలిపే పద్ధతి గురించి అడుగుతుంటారు. నాకది పెద్దగా నచ్చదు. కండరం కింద ఉన్నది ఏమిటో గుర్తుంటే, నొప్పి పుట్టేదాకా నొక్కడం వీరత్వం అనిపించదు.

నరానికి సాగదీత పడదు, జారడం పడుతుంది. కుర్చీలో కూర్చుని, మోకాలు చాపుతూ తల పైకెత్తాలి, మోకాలు మడుస్తూ తల దించాలి. పైజామా బొందును ఒక పక్క లాగితే రెండో పక్క లోపలికి పోయినట్టు, నరం తన తొడుగులో అటూ ఇటూ కదులుతుంది, ఎక్కడా బిగుసుకోదు. తల, కాలు తారుమారైతే అదే వ్యాయామం నరాన్ని రెండు వైపులా లాగేస్తుంది కాబట్టి మొదటిసారి ఫిజియోథెరపిస్టు ముందు చేయడం మంచిది. నెమ్మదిగా పదిసార్లు చాలు.

నాలుగైదు రోజుల్లో కాస్త తేలికపడగానే చాలామంది అక్కడితో ఆపేస్తారు. నొప్పి తిరగబెట్టేది అందుకేననుకుంటాను. పిరుదులోని పెద్ద కండరాలు బలహీనంగా ఉంటే నడిచేటప్పుడు తొడ లోపలికి వాలుతుంది, దాన్ని నిలబెట్టే చాకిరీ ఈ చిన్న పిరిఫార్మిస్ మీద పడుతుంది. వెల్లకిలా పడుకుని పాదాలు నేలకు ఆనించి నడుం పైకెత్తడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలును ఎత్తడం, మెట్లు ఎక్కడం, ఇలాంటివి వారాలపాటు చేస్తేనే ఆ భారం పంచుకునేవాళ్లు తయారవుతారు.

మంచం పట్టి పడుకోవడం మన ఇళ్లలో మొదటి సలహా. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల మీద దాన్ని పరీక్షించారు: రెండు వారాలు పడుకున్నవాళ్లకి, తమ పనులు తాము చేసుకున్నవాళ్లకి తేడా ఏమీ రాలేదు. మందుల సంగతి ఇంకా చెప్పుకోవాలి. మన దగ్గర సయాటికా అనగానే చీటీలో ప్రీగాబలిన్ అనే నరాల నొప్పి మందు ఉంటుంది. ఆస్ట్రేలియాలో 209 మంది రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు 2017లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర కన్నా అది కాలినొప్పిని ఎక్కువ తగ్గించలేదు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. సయాటికాకు ఈ మందు వద్దని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2020లో చెప్పాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. మామూలు నొప్పి మాత్రలు కొద్ది రోజులకైతే ఫరవాలేదు. నెలలతరబడి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటే కడుపుకీ కిడ్నీలకీ చేటు. వేడి కాపడం తాత్కాలికమే అయినా హాయిగా ఉంటుంది, ఖర్చు లేదు.

ఆరు వారాలు ఇవన్నీ చేసినా తగ్గకపోతే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పిరిఫార్మిస్‌లోకి మత్తుమందు ఇంజక్షన్ ఇస్తారు. ఆ కొద్ది గంటలు నొప్పి పోతే, తప్పు కండరానిదేనని దాదాపు సాక్ష్యం దొరికినట్టు. ఆ కండరాన్ని కోసే ఆపరేషన్ చాలా అరుదు. డిస్కు విషయంలో కూడా తొందర అవసరం లేదనేది 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది తీవ్ర సయాటికా రోగుల మీద తేలింది. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి నొప్పి ముందే తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆగి చూద్దామన్న గుంపులో మాత్రం 39 శాతం మంది ఆ నొప్పి భరించలేక మధ్యలోనే ఆపరేషన్‌కు వెళ్లారు. నెలలు ఆగగలమా, నెలల జీతం పోగొట్టుకోగలమా అన్నది ఎంఆర్ఐ చెప్పలేదు. డాక్టరు ఎదురుగా కూర్చుని రోగి, ఇంట్లోవాళ్లు కలిసి తేల్చుకోవాల్సిన లెక్క అది.