నువ్వు చెప్పు... కాదు, నువ్వే చెప్పు

పొద్దున ఎనిమిదింటికి తెనాలిలో మా అమ్మ పొయ్యి పక్కన ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి పెడుతుంది. అటు డాలస్‌లో అక్క రాత్రి భోజనం ముగించి గిన్నెలు తోముతుంటుంది. మాటలు పెద్దగా ఉండవు. ఒకరి పని ఒకరికి కనిపిస్తూ గంట గడిచిపోతుంది. మధ్యలో ఇద్దరికీ ఏదో గుర్తొస్తుంది. ఒకేసారి మొదలుపెడతారు, ఒకేసారి ఆగుతారు. "నువ్వు చెప్పు." "కాదు, నువ్వే చెప్పమ్మా." మళ్లీ ఇద్దరూ ఒకేసారి!

అక్క అమెరికా వెళ్లిన కొత్తలో, 2000 ప్రాంతంలో, ఈ గొడవకి తీరిక ఉండేది కాదు. బజారులో విదేశాలకి ఫోన్ చేసుకునే ఐఎస్‌డీ బూత్‌కి వెళ్లేవాళ్లం. అడగాల్సినవన్నీ అమ్మ చీటీ మీద రాసుకొచ్చేది. అద్దాల గదిలో ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే, అమెరికా దాకా వినపడాలన్నట్టు గొంతు చించుకుని ఆ చీటీ చదివేసేది. అక్క ఏడిస్తే ఆ ఏడుపుకి కూడా బిల్లు పడేది.

మౌనానికి డబ్బులెందుకు? పాత ఫోన్ పద్ధతిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక దారిని మీ కాల్ కోసమే అట్టేపెట్టేవారు. పెళ్లికి బస్సు మొత్తం మాట్లాడుకున్నట్టు. ఎక్కినా ఎక్కకపోయినా కిరాయి కట్టాల్సిందే. ఇంటర్నెట్‌ది ఆర్టీసీ బస్సు లెక్క. అమ్మ గొంతుని ఫోన్ చిన్న ముక్కలుగా కోస్తుంది. సాధారణంగా ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 50 ముక్కలు. ఒక్కోదాని మీద చిరునామా అంటించి, ఎవరెవరివో సినిమాలు, బ్యాంకు లెక్కలు వెళ్లే దారిలోనే వదులుతుంది. దారి ఎవరి సొంతమూ కాదు, కాబట్టి నిమిషాల మీటరూ లేదు. మా ఇంట్లో మారింది అదే. ఇప్పుడు ఏమీ మాట్లాడకుండా కూడా కాల్‌లో ఉండొచ్చు.

దారిలో ఒకటీ అరా ముక్కలు పోతాయి. వాటిని మళ్లీ పంపమని అడిగితే అవి వచ్చేసరికి మాట ముందుకెళ్లిపోతుంది. అందుకని అవతలి ఫోన్ చుట్టుపక్కల ముక్కల్ని చూసి, పోయినదాన్ని ఊహించి అతికిస్తుంది. ఎక్కువ పోతే ఊహ అందదు, అమ్మ గొంతు రోబోలా మారిపోతుంది.

ఇదంతా శాటిలైట్ మీదుగా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. ఖండాల మధ్య డేటా దాదాపు అంతా సముద్రం అడుగున పరిచిన కేబుళ్లలోనే నడుస్తుంది. లోతు సముద్రంలో కేబుల్ మొక్కలకి నీళ్లు పెట్టే పైపంత లావు, లోపల వెంట్రుకంత సన్నటి గాజు పోగులు. 2008 జనవరి చివర్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్లు తెగితే ఇండియాలో నెట్ నీరసించింది. కొద్ది రోజులకే దుబాయ్, ఒమన్ మధ్య తెగిన మరో కేబుల్ దగ్గర వదిలేసిన ఓడ లంగరు ఒకటి దొరికింది.

ఆ గాజులో కాంతి వేగం సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు. సముద్రాలు చుట్టుకుని డాలస్ చేరే దారి 20 వేల కిలోమీటర్లు అనుకుంటే, ఒక వైపుకే 100 మిల్లీసెకన్లు. ముక్కలు కోయడానికి, వెనకా ముందూ వచ్చినవాటిని వరసలో పెట్టడానికి పట్టే సమయం కలిపితే 150, ఒక్కోసారి 200 కూడా అవుతుంది. ఇది ఎంతని? ఇంచుమించు కన్ను ఆర్పేంతే కదా!

కానీ మాటకి అది చాలా ఎక్కువ. 2009లో వచ్చిన ఒక పరిశోధన పది భాషల్లో సంభాషణలు కొలిచింది. ఒకరు ఆపాక రెండోవాళ్లు అందుకోవడానికి పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్లు. (తెలుగు అందులో లేదు. మన ఇళ్లలో అంత ఖాళీ కూడా ఉండదని నా అనుమానం.) అమ్మ అడిగిన మాట అక్కకి చేరాలి, అక్క అందుకోవాలి, జవాబు తిరిగి రావాలి. అక్క వెంటనే బదులిచ్చినా అమ్మకి అర సెకనో ఆ పైనో నిశ్శబ్దమే. అక్కకి వినపడలేదేమో అనుకుని అమ్మ మళ్లీ మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే జవాబు దిగుతుంది. అక్క వైపు నుంచి చూస్తే అమ్మే అడ్డు తగిలింది. అమ్మ దృష్టిలో అక్కే. ఇద్దరిదీ నిజమే.

ఫోన్లు ఎంత మెరుగైనా ఈ ఖాళీ పూర్తిగా పోదు, కాంతిని ఇంకా తొందరపెట్టలేం. అమ్మకి ఈ లెక్కలేవీ నేను చెప్పలేదు. ఈమధ్య గమనిస్తే, మాట చివర "ఏమంటావ్?" అని తగిలించి, కూరలో గరిట రెండుసార్లు తిప్పి, అప్పుడు ఫోన్ వైపు చూస్తోంది.