మీ అత్త కాలేజీ ఒంటరైన సంగతి

చి. బుజ్జికి, చి. చిన్నికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఇక్కడి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి బుజ్జి అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. “తాతయ్యా, దాని పేరు బిగ్ టెన్ కదా, అందులో 18 కాలేజీలు ఎందుకున్నాయి?” అన్నావు. దాని వెనక చాలా కథ ఉంది. అది మనింటి దాకా వచ్చింది కూడా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మీరు కాళ్ళతో ఆడేది కాదు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, హెల్మెట్లు పెట్టుకుని, ఒకరినొకరు పడగొట్టుకుంటూ ఆడే ఆట. ఆడేది కాలేజీ పిల్లలే అయినా లక్షమందికి పైగా పట్టే స్టేడియాలు ఉన్నాయి. ఒక ప్రాంతంలోని కాలేజీలు ఏటా తమలో తాము ఆడుకోవడానికి ఒక కూటమి కడతాయి. దాన్నే కాన్ఫరెన్స్ అంటారు. బిగ్ టెన్ 1896లో షికాగో చుట్టుపక్కల రాష్ట్రాల కాలేజీలతో మొదలైంది. మా పడమటి తీరం కూటమి మూలాలు 1915 నాటివి. దాని పేరు పాక్-12.

మీ అత్త చదివింది ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే, తూర్పు కొసన పుల్మన్ అనే చిన్న ఊళ్ళో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో. సియాటిల్ నుంచి కారులో 5 గంటలు. దారి పొడుగునా గుట్టలు గుట్టలుగా గోధుమ చేలు, శనగ చేలు, మనం వండుకునే మైసూర్ పప్పు చేలు. మీ మామయ్యది సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ. ఈ రెండు కాలేజీలూ 1900 నుంచి పోటీ పడుతున్నాయి. ఆ ఆటను యాపిల్ కప్ అంటారు. మామూలుగా నవంబరు చివర్లో, థాంక్స్‌గివింగ్ పండగ రోజుల్లో జరిగేది. 2018లో పుల్మన్‌లో జరిగినప్పుడు నన్నూ తీసుకెళ్ళారు. సాయంత్రం ఆట, ఆపకుండా మంచు. మైదానం మీద గీతలు కనబడలేదు. అత్త ముదురు ఎరుపు స్వెటరు, మామయ్య ఊదా రంగు టోపీ, మధ్యలో నేను రెండు రగ్గులు కప్పుకుని. ఆ రోజు మామయ్య వాళ్ళు 28-15తో గెలిచారు. తిరుగు దారంతా అత్త మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి దోసెలు పోశారు.

ఇదంతా ఎక్కడ తిరగబడిందంటే టీవీ దగ్గర. 1984 దాకా ఎవరి ఆట టీవీలో ఎన్నిసార్లు రావాలో ఎన్‌సీఏఏ అనే సంఘమే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్ళాయి. ఆ పెత్తనం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 7-2తో తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఎవరి ఆటలు వాళ్ళు అమ్ముకోవచ్చు. పేరున్న కాలేజీలు ఎన్ని ఉంటే కూటమికి అంత ధర. ఐపీఎల్ ప్రసార హక్కులు వేల కోట్లకు అమ్ముడవుతాయని మీ నాన్న చెబుతుంటాడే, ఇదీ అలాంటిదే. బిగ్ టెన్ 2022లో 3 టీవీ సంస్థలతో 7 ఏళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది మా కూటమిలో ఉన్న లాస్ ఏంజలెస్‌లోని రెండు పెద్ద కాలేజీలు, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, అక్కడికి వెళ్ళిపోతున్నామని ప్రకటించాయి. మా కూటమికి మాత్రం మంచి టీవీ బేరం కుదరలేదు. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులోనే 5 కాలేజీలు వెళ్ళిపోతున్నామన్నాయి. అందులో మామయ్య కాలేజీ కూడా ఉంది, టీవీ డబ్బులో పూర్తి వాటా లేకపోయినా సరేనని బిగ్ టెన్‌కు వెళ్ళింది. బుజ్జీ, అలా పెరిగి పెరిగి బిగ్ టెన్‌లో 18 అయ్యాయి. పేరుకు విలువ ఉంది కనుక పేరు మార్చుకోలేదు.

వెళ్ళినవాళ్ళను నేను తప్పుపట్టలేను. వెళ్ళకపోతే వెనకబడిపోతామన్న టెన్షన్ వాళ్ళది. కానీ పసిఫిక్ తీరానికి దగ్గర్లో ఉన్న స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కూటమిలో ఆడుతోంది. సియాటిల్ జట్టు తూర్పు తీరంలోని న్యూజెర్సీ దాకా వెళ్ళాలి. ఫుట్‌బాల్ అయితే వారానికి ఒకే ఆట. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఆటలు చాలా ఎక్కువ, అవీ మామూలు క్లాసులు జరిగే రోజుల్లో. విమానంలో పుస్తకం తెరుచుకుని పరీక్షకు చదువుకునే ఆ పిల్లల గురించి ఒప్పందాలు రాసినవాళ్ళు ఎంత ఆలోచించారో అని నాకు బాధ.

ఈ మార్పుల్లో మంచి అస్సలు లేదనను. టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎం అనే రెండు యూనివర్సిటీలు 2011 తర్వాత ఆడుకోవడం మానేశాయి. ఒకే కూటమిలోకి చేరాక 2024లో మళ్ళీ కలిశాయి. అదే సమయంలో పక్క రాష్ట్రం ఓక్లహోమాలో రెండు పెద్ద కాలేజీల మధ్య ఏటా జరిగే ఆట 2023తో ఆగింది.

చివరికి పాక్-12లో మిగిలింది ఇద్దరే, పుల్మన్, పక్కనున్న ఒరెగన్ రాష్ట్రంలోని ఒరెగన్ స్టేట్. రెండే జట్లతో కూటమి ఏంటి అని అందరూ అన్నారు. ఆ రెండూ కోర్టుకెళ్ళి కూటమి పగ్గాలు తమ చేతిలో ఉంచుకున్నాయి. ఒంటరిగానే రెండు సీజన్లు లాక్కొచ్చాయి. బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ లాంటి కాలేజీలను ఒప్పించి 2026 నుంచి మళ్ళీ 8 ఫుట్‌బాల్ జట్లకు కూటమి కట్టుకున్నాయి. ఆ పట్టుదల చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

కూటములు వేరైనా 2028 దాకా యాపిల్ కప్ ఆడదామని రెండు కాలేజీలూ ఒప్పుకున్నాయి, కాకపోతే సెప్టెంబరులో. 2024లో సియాటిల్‌లో జరిగింది. మేం ఇంట్లో టీవీలో చూశాం. చివర్లో వాషింగ్టన్ జట్టు గీతకు ఒక్క గజం దాకా వచ్చేసింది. అది దాటితే ఆధిక్యం వాళ్ళదే. పుల్మన్ కుర్రాళ్ళు అక్కడే ఆపేశారు. 24-19. అత్త సోఫాలో కూర్చుని ఏడ్చేసింది. మామయ్య ఏమీ అనకుండా లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

చిన్నీ, నువ్వు అడిగావుగా, ఆ ఎరుపు స్వెటరు ఇంకా ఉందా అని. ఉంది. మోచేతి దగ్గర చిరిగితే మొన్నే నేను కుట్టించుకొచ్చాను.

మీ
తాతయ్య