కీవ్ యువరాణి అన్నా: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు మధ్యయుగ యూరప్ చరిత్ర చెప్పడం నా వృత్తి. ఫ్రాన్స్ పాఠం మొదలుపెట్టిన వారంలోనే ఎవరో ఒకరు ఫోన్ పట్టుకొచ్చి "మేడమ్, ఇది నిజమేనా?" అని అడుగుతారు. అందులో కిరీటం పెట్టుకున్న ఒక యువరాణి బొమ్మ, కింద ఆమె తండ్రికి రాసిందని చెప్పే ఉత్తరం ఉంటాయి. "నాన్నా, ఎంత అనాగరిక దేశానికి పంపావు నన్ను! ఇక్కడి ఇళ్ళు చీకటిమయం, చర్చిలు వికారం, అలవాట్లు దారుణం" అని ఆ ఉత్తరం సారాంశం.

ఆ యువరాణి నిజంగానే ఉంది. పేరు అన్నా యారోస్లావ్నా. కీవ్ పాలకుడు యారోస్లావ్ కూతురు, ఫ్రాన్స్ రాజు మొదటి హెన్రీ భార్య. ఉత్తరం మాత్రం కల్పితం. దానికి మూలప్రతి గానీ, నకలు గానీ, ఆ కాలపు వాళ్ళెవరైనా దాన్ని ప్రస్తావించిన దాఖలా గానీ లేవు. అన్నా గురించి ఎన్ని కథలు తిరుగుతున్నాయో అన్నిటికీ ఇదే గతి. నిజంగా మిగిలినవి మాత్రం కథలకన్నా ఎంతో బావుంటాయి. వాటిని ఎవరూ షేర్ చేయరన్నదే నా బాధ.

అపోహ: పెళ్ళి ఒప్పందం మీద అన్నా చక్కగా సంతకం చేసింది, చదువురాని రాజు సిలువ గుర్తు గీశాడు.

అసలు ఆ పెళ్ళి ఒప్పందమే ఎక్కడా లేదు. ఉన్నది వేరే పత్రం. 1063లో, అంటే హెన్రీ పోయిన మూడేళ్ళకు, స్వాసోన్‌లోని సెయింట్ క్రెపెన్ మఠానికి ఇచ్చిన దానపత్రం అది. ఇప్పుడు పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. దాని ఫొటోను నేను క్లాసులో గోడంత పెద్దదిగా చేసి చూపిస్తాను. పత్రమంతా లాటిన్. ఆ లాటిన్ నడుమ ఒకచోట ఎనిమిది అక్షరాలు మాత్రం పరాయిగా నిలబడి ఉంటాయి. అవి సిరిలిక్‌లో, అంటే ఆమె పుట్టిల్లు కీవ్‌లో వాడే స్లావిక్ లిపిలో ఉన్నాయి. చదివితే "ఆనా రెయినా", అంటే రాణి అన్నా అని. సంతకం ఆమె స్వహస్తంతోనే పెట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆమె కొలువులో స్లావిక్ లిపి వచ్చిన మరొకరు పెట్టి ఉంటారనే వాళ్ళూ ఉన్నారు.

ఆ రెండో మాటను గమనించండి. "రెయినా" కీవ్ మాట కాదు. లాటిన్ "రెజీనా" జనం నోట్లో నలిగి ఫ్రెంచి అవుతున్నప్పటి పలుకు. అక్షరాలు పుట్టింటివి, మాట అత్తింటిది. మనవాళ్ళు వాట్సాప్‌లో తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినట్టు, ఇక్కడ ఫ్రాన్స్ మాట సిరిలిక్ అక్షరాల్లో పడింది. పెళ్ళై పన్నెండేళ్ళు అయ్యాక ఆ ఇంట్లో రాణిని ఎలా పిలిచేవారో, ఆ పిలుపు చెవికి ఎలా వినబడేదో ఈ ఎనిమిది అక్షరాల్లో పట్టుబడింది. నాకు ఇది చూసిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక సిలువ సంగతి. మనకు వేలిముద్ర అంటే చదువు రాదనే అర్థం కాబట్టి, సిలువ గుర్తునూ అలాగే అనుకుంటాం. ఆ రోజుల్లో అది పత్రాన్ని ధ్రువీకరించే పద్ధతి. బాగా చదువుకున్న బిషప్‌లు కూడా సిలువ గీసేవారు. సిలువ కనబడింది కదా అని రాజుకు అక్షరం ముక్క రాదని తేల్చేయకూడదు.

అపోహ: ఫ్రాన్స్ రాజుకు దగ్గర్లో పిల్ల దొరక్క అంత దూరం పోయాడు, ఆమె అందం గురించి విని మనసు పడ్డాడు.

హెన్రీ మొదటి భార్య మటిల్డా 1044లో చనిపోయింది. వారసుడు లేడు. అప్పటి చర్చి నియమం ప్రకారం ఏడు తరాల లోపు చుట్టరికం ఉంటే పెళ్ళి చెల్లదు. మేనరికాలు అలవాటైన మనకు ఇది వింతగా ఉంటుంది గానీ, యూరప్ రాజకుటుంబాలు అప్పటికే ఒకరితో ఒకరు అల్లుకుపోయాయి. ఎటు చూసినా బంధువులే. అందుకే దూరపు సంబంధం వెతికారని చరిత్రకారులు ఎక్కువగా చెప్పే కారణం.

కానీ కీవ్ ఏదో మారుమూల ఊరని అనుకోకండి. యారోస్లావ్ అప్పటికే పెద్ద పెద్ద ఇళ్ళతో వియ్యమందుకున్నవాడు. ఆయన భార్య ఇంగెగెర్డ్ స్వీడన్ రాజు కూతురు. ఒక కూతురు నార్వే రాజు హరాల్డ్‌కు భార్య, ఇంకో కూతురు హంగరీ రాజు ఆండ్రూకు. ఫ్రాన్స్ నుంచి బిషప్‌లు కీవ్ దాకా వెళ్ళి పిల్లను తీసుకొచ్చారు. 1051 మే 19న ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో పెళ్ళి, మరుసటి ఏడాది కొడుకు ఫిలిప్. తర్వాత పుట్టిన ఇంకో కొడుకు హ్యూ మొదటి క్రూసేడ్‌లో, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన తొలి యుద్ధయాత్రలో, వెళ్ళాడు. ఫిలిప్ తర్వాత ఫ్రాన్స్‌ను ఏలిన కపేషియన్ (హెన్రీ వంశపు) రాజులంతా అన్నా వంశమే.

అపోహ: ఫ్రాన్స్ రాజులు పట్టాభిషేకంలో అన్నా తెచ్చిన బైబిల్ మీద ప్రమాణం చేసేవారు.

రీమ్స్‌లో ఒక స్లావిక్ సువార్త గ్రంథం ఉన్న మాట నిజం. అందులో రెండు భాగాలు. చిన్న భాగం సిరిలిక్‌లో, పెద్ద భాగం గ్లగోలిటిక్ అనే మరో పాత స్లావిక్ లిపిలో. ఈ పెద్ద భాగం చివర 1395 అని సంవత్సరం కూడా వేసి ఉంది. ప్రాగ్ నగరంలోని ఎమ్మావుస్ మఠానికి చెందిన పుస్తకం అది. 1574లో ఒక కార్డినల్ దాన్ని రీమ్స్ కెథడ్రల్‌కు ఇచ్చాడు. అప్పటికి అన్నా పోయి దాదాపు 500 ఏళ్ళు. సిరిలిక్ భాగం పాతదే, కానీ దాన్ని అన్నాతో ముడిపెట్టే పాత ఆధారం ఒక్కటీ లేదు. లిపి ఒకటే కదా అని ఎవరో కలిపేశారు, అది అలా నిలబడిపోయింది.

ఆమె ఫ్రాన్స్‌కు స్నానం చేయడం నేర్పిందని, ఫోర్కు తెచ్చిందని చెప్పేవాటికి సమాధానం కూడా అక్కర్లేదు. కీవ్ సెయింట్ సోఫియా కెథడ్రల్‌లోని కుడ్యచిత్రంలో యారోస్లావ్ కుటుంబం ఉందంటారు, కానీ ఆ బొమ్మల పక్కన పేర్లు లేవు, వాటి మీద తర్వాత రంగులు కూడా వేశారు. కాబట్టి ఫలానా అమ్మాయే అన్నా అని గుండ్రంగా గీసి చూపించే పోస్టుల్ని నమ్మకండి.

అపోహ: హెన్రీ పోయాక ఫ్రాన్స్‌ను ఆమే ఏలింది. తర్వాత వేటకు వెళ్ళినప్పుడు ఒక కౌంట్ (ఒక ప్రాంతపు ప్రభువు) ఎత్తుకుపోయాడు.

హెన్రీ 1060 ఆగస్టు 4న చనిపోయాడు. ఫిలిప్‌కు ఎనిమిదేళ్ళు. తొలి రోజుల్లో కొన్ని పత్రాల్లో కొడుకు పేరు పక్కన తల్లి పేరు కనబడుతుంది. పాలన బాధ్యత మాత్రం హెన్రీ బావగారు, ఫ్లాండర్స్ కౌంట్ బాల్డ్విన్ చేతికి వెళ్ళింది.

కొద్ది కాలానికే అన్నా వాల్వా కౌంట్ రాల్‌ను పెళ్ళి చేసుకుంది. అతనికి అప్పటికే భార్య ఉంది. నింద మోపి ఆమెను వదిలేశాడు, ఆమె పోప్‌కు మొరపెట్టుకుంది, చర్చి రాల్‌ను వెలివేసింది. ఈ పెళ్ళి వల్ల రాజ్యంలో అలజడి రేగిందని, రాజు ఫిలిప్ బాధపడుతున్నాడని రీమ్స్ ఆర్చ్‌బిషప్ జెర్వే పోప్‌కు రాశాడు. ఎత్తుకుపోయాడనే అడవి సీను మాత్రం తర్వాతివాళ్ళు అల్లింది. అంతకన్నా నాకు నచ్చనిది, ఆ కథలో ఆమెకు సొంత నిర్ణయమే లేకుండా పోవడం. ఆర్చ్‌బిషప్ రాసిన మాటల్లో ఆమె పెళ్ళి చేసుకున్న రాణి, అపహరణకు గురైన మనిషి కాదు. పైగా రాల్ 1074లో చనిపోయేదాకా ఆమె అతని భార్యగానే ఉంది.

అపోహ: ఆమె రష్యన్. కాదు, ఉక్రేనియన్.

ఆమె కాలంలో ఈ రెండు దేశాలూ ఇప్పటి రూపంలో లేవు. కీవ్ రాజధానిగా ఉన్న రాజ్యాన్ని రూస్ అనేవారు. మాస్కో పేరు వృత్తాంతాల్లో మొదటిసారి కనిపించేది 1147లో, అన్నా పోయిన దాదాపు 70 ఏళ్ళకు. 2017లో వెర్సాయ్‌లో రష్యా అధ్యక్షుడు పుతిన్ ఆమెను "రష్యన్ అన్నా" అన్నప్పుడు ఉక్రెయిన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. 2024లో ఫ్రాన్స్ శిక్షణ ఇచ్చిన ఒక ఉక్రెయిన్ సైనిక బ్రిగేడ్‌కు ఆమె పేరే పెట్టారు. ఇంత గొడవ జరుగుతున్న మనిషి పేరు ఆనాటి రూస్ వృత్తాంతాల్లో ఒక్కచోట కూడా లేదు. ఆమె గురించి మనకు తెలిసిందంతా పశ్చిమ యూరప్ పత్రాల వల్లే. రూస్‌లో చరిత్ర రాసినవాళ్ళు, అత్తవారింటికి వెళ్ళిన ఈ కూతుర్ని లెక్కలోకి తీసుకోలేదు.

అపోహ: ఆమె సమాధి దొరికింది.

1682లో జెస్యూట్ అనే క్రైస్తవ సన్యాసి సంఘానికి చెందిన ఒక పండితుడు ఫ్రాన్స్‌లోని విలియే మఠంలో రాణి సమాధి రాయి చూశానని ప్రకటించాడు. ఆ రాయి మీద పేరు ఆగ్నెస్. ఆ మఠం కట్టింది 13వ శతాబ్దంలో. ఇక చెప్పేదేముంది! వృద్ధాప్యంలో కీవ్‌కు తిరిగి వెళ్ళిందనే కథకూ పక్కా ఆధారం లేదు.

పత్రాల్లో ఆమె పేరు చివరిసారి కనిపించేది 1075లో. 1079లో ఫిలిప్ తన తల్లిదండ్రుల ఆత్మల కోసం దానం చేశాడు, అంటే అప్పటికి ఆమె లేదు. పారిస్‌కు ఉత్తరాన సెన్‌లీస్ ఊళ్ళో 1065లో ఆమె నిలబెట్టిన సెయింట్ విన్సెంట్ మఠం ఉంది. అక్కడి మతాధికారులు ఏటా సెప్టెంబర్ 5న ఆమె వర్ధంతి జరిపేవారు. ఆమె పుట్టినరోజు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.