బొమ్మల జీవిత చరిత్రలు: స్కూల్ లైబ్రరీలో వినపడే అపోహలు, అసలు సంగతులు

కడప జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతూ లైబ్రరీ కూడా నేనే చూసుకుంటాను. బీరువా తెరవగానే పిల్లల చేతులు ముందు పోయేది బొమ్మలున్న జీవిత చరిత్రల మీదికే. వాటి గురించి తోటి టీచర్లు, తల్లిదండ్రులు అనే మాటల్లో కొన్ని పిల్లల్ని పుస్తకానికి దూరం చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బొమ్మల పుస్తకాలు చిన్న క్లాసులకే.

వాస్తవం: ఎనిమిదో తరగతి పిల్లాడికి పాలెగాడు (కొన్ని ఊళ్ల మీద అధికారమున్న స్థానిక నాయకుడు), ఇనాం (పన్ను లేకుండా ఇచ్చిన భూమి), కచేరీ (సర్కారు ఆఫీసు) అనే మాటలు చదవడం వచ్చినా అవి కళ్లకు కట్టవు. బొమ్మ ఉంటే కడతాయి. ఇంకో సంగతి. కూడబలుక్కుని చదివే పిల్లలు పెద్ద క్లాసుల్లోనూ ఉన్నారు. వాళ్ల చేతిలో రెండో తరగతి కథల పుస్తకం పెడితే సిగ్గుపడి మూల కూర్చుంటారు. ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి బొమ్మల పుస్తకం పెడితే నలుగురి మధ్యలో తెరుస్తారు.

అపోహ: బొమ్మలో ఎలా ఉందో, ఆ రోజుల్లో అలాగే ఉండేది.

ఈ అపోహ పెద్దవాళ్లకూ ఉంది. నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న. ఆయన ఫోటో లేదు. వేమన ఏ కాలంవాడో పండితులకే ఏకాభిప్రాయం లేదు, ఇక ముఖం సంగతి ఎవరికి తెలుసు? అయినా పుస్తకంలో మీసం, తలపాగా, చూపు అన్నీ పక్కాగా ఉంటాయి. ఒక ఆరో తరగతి అమ్మాయి ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఇది ఎవరిని చూసి గీసినారు సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న పుట్టాలనే నేను ఈ పుస్తకాలు చదివిస్తాను.

దాన్నే ఒక పద్ధతిగా పెట్టుకున్నాం. చిన్న చీటీలు కత్తిరించి ఉంచుతాం. కొన్నింటి మీద "తెలిసింది", కొన్నింటి మీద "ఊహించింది" అని రాసి ఉంటుంది. పేజీలో ఒక్కో వస్తువు దగ్గర పిల్లలే ఏదో ఒక చీటీ పెట్టాలి, ఎందుకో చెప్పాలి. శ్రీకృష్ణదేవరాయల తల మీద సినిమా కిరీటం కనపడితే, తిరుమలలో ఉన్న ఆయన కంచు విగ్రహం ఫోటో పక్కన పెడతాను. అందులో ఉన్నది నిలువుగా లేచిన కుళ్లాయి, అంటే పొడుగు టోపీ. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లోనూ పెద్దమనుషులు అలాంటి కుళ్లాయిలే పెట్టుకుని కనపడతారు. ఇక కిరీటం మీదికి "ఊహించింది" చీటీ దానంతట అదే పోతుంది. అన్నమయ్య ఇంట్లో మిరపకాయల దండ వేలాడుతుంటే అదీ దొరికిపోతుంది. ఆయన పోయింది 1503లో. మిరప మన దేశానికి వచ్చింది ఆ తర్వాత, పోర్చుగీసువాళ్లతో.

వయసులు లెక్కేయించడం కూడా బాగా పనికొస్తుంది. తెలుగు తాటాకు ప్రతులు సేకరించి, నిఘంటువు చేసిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ పుట్టింది 1798 నవంబరులో, కడపకు వచ్చింది 1820 ఆగస్టులో. అంటే అప్పటికి 22 కూడా నిండలేదు. పిల్లలు మాత్రం తెల్లజుట్టు దొరనే ఊహించుకుని ఉంటారు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. వీలుంటే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. తాటాకు ప్రతులు కళ్లారా చూసినవాళ్లు బొమ్మలోని తాటాకును ఊరికే దాటిపోరు.

అపోహ: పిల్లలకు హీరో ఎవరో, విలన్ ఎవరో తేల్చి చెప్పాలి, లేకపోతే గందరగోళ పడతారు.

వాస్తవం: కొంచెం గందరగోళ పడనివ్వండి. కంపెనీ అధికారి థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్త మండలాలకు, అంటే నిజాం కంపెనీకి ఇచ్చేసిన సీమ ప్రాంతానికి, ప్రధాన కలెక్టరు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయారు. ఆయన్ని మంచి దొరగా తలచుకునే పెద్దవాళ్లు మన సీమలో ఇప్పటికీ ఉన్నారు. పాలెగాళ్ల అధికారం తీసేసి, వాళ్లను పింఛన్ల మీద కూర్చోబెట్టిందీ ఆయనే. ఆ పింఛన్లు, ఇనాముల గొడవే 1846లో నరసింహారెడ్డి తిరుగుబాటుకు దారి తీసింది. ఈ ఇద్దరి కథలూ ఒకే వారంలో చదివిస్తే పిల్లలు వాదించుకుంటారు. వాదించుకోవడానికి తారీఖులు వెతుక్కుంటారు. పాఠ్యపుస్తకంతో నేను ఎప్పుడూ చేయించలేని పని అది.

నరసింహారెడ్డి ఉరి, ఆయన తల నరికి కోట గుమ్మానికి వేలాడదీయడం లాంటివి చూపించొచ్చా అని అడుగుతారు. ఐదో తరగతి లోపు పిల్లలకైతే ఆ పేజీ నేనే నోటితో చెప్పి తిప్పేస్తాను. పెద్ద క్లాసుల పిల్లల దగ్గర దాచను. కంపెనీ జనాన్ని ఎలా భయపెట్టిందో ఆ పేజీ లేకుండా అర్థం కాదు.

అపోహ: మన ప్రాంతం వాళ్ల మీద పుస్తకాలు లేవు కాబట్టి గాంధీ, భగత్ సింగ్ చాలు.

వాస్తవం: తక్కువే, నిజమే. లేనివాటిని పిల్లలతోనే చేయించండి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టారు, 1908లో పత్రికలో రాసిన రాతకు మూడేళ్ల జైలుకు పోయారు, తర్వాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు పనిచేశారు. లైబ్రరీలో కూర్చున్న పిల్లలకు ఆయన తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. దామోదరం సంజీవయ్యది కర్నూలు దగ్గర పెద్దపాడు. 1921లో పుట్టి, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. ఈ దేశంలో ఒక రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనే. ఫోటోలు దొరుకుతాయి కాబట్టి గీయడం తేలిక. ఎనిమిది పేజీలు చాలు, కానీ ప్రతి బొమ్మ కింద తెలిసిందో ఊహించిందో రాయాల్సిందే. ఆడవాళ్ల కథలు మరీ తక్కువ. రామాయణం రాసిన గోపవరం మొల్లతో మొదలుపెట్టొచ్చు, బొమ్మంతా ఊహే అని ముందే ఒప్పుకుని.

అపోహ: ఇంటికిస్తే చింపేస్తారు.

వాస్తవం: కొన్ని చిరుగుతాయి. గమ్ టేపు, దబ్బనం, దారం బీరువాలోనే పెట్టుకోండి. పెద్ద పిల్లలు కుట్టేస్తారు.

అపోహ: చదివాక రిపోర్టు రాయించకపోతే చదివినట్టు కాదు.

వాస్తవం: రిపోర్టు అనగానే పిల్లలు బొమ్మలు తక్కువున్న, పేజీలు తక్కువున్న పుస్తకం వెతుక్కుంటారు, వెనక అట్ట మీదున్నది ఎక్కిస్తారు. నేను అడిగేది ఒక్కటే: ఈ పుస్తకంలో ఏ బొమ్మను మార్చి గీస్తావు, ఎందుకు? నోటితో చెబితే చాలు.