5.56 తూటా గాయపరచడానికేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: మన సైన్యం ఇన్సాస్ రైఫిల్‌లో వాడే 5.56 ఎంఎం తూటా చంపడానికి కాదు, గాయపరచడానికే చేశారు. ఒకడు గాయపడితే మోయడానికి ఇద్దరు కావాలి, అంటే ఒక్క తూటాకు ముగ్గురు తగ్గినట్టు.

ఈ లెక్క చాయ్ కొట్ల దగ్గరే కాదు, ఫైరింగ్ రేంజ్‌లో తుపాకీ నేర్పే పాత ఉస్తాద్‌లు కూడా చెప్పేవారు. వినడానికి బాగుంటుంది గానీ తూటా పుట్టింది అందుకు కాదు. కాల్పులు ఎక్కువగా మూడు వందల గజాల లోపే జరుగుతాయని 1950ల్లో అమెరికా సైన్యం అధ్యయనాల్లో తేలింది, ఆ దూరానికి పెద్ద తూటా దండగ అనుకున్నారు. చిన్నదైతే రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) తక్కువ, గురి నిలుస్తుంది, బరువూ సగమే: పెద్దదైన 7.62 ఎంఎం రౌండు సుమారు 24 గ్రాములైతే ఇది 12. ఆ 7.62 కాల్చే పాత ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ మోసినవాళ్లకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. ఇక చంపదా అంటే, దగ్గర నుంచి సెకనుకు 900 మీటర్లు దాటిన వేగంతో తగిలితే ఒంట్లో అడ్డం తిరిగి ముక్కలైపోతుంది, ఆ గాయం చూసినవాడు ఈ మాట మళ్లీ అనడు. దూరం పెరిగి వేగం తగ్గితే మాత్రం సన్నటి రంధ్రం చేసి బయటికి పోతుంది. "తగిలినా పడలేదు" అన్న ఫిర్యాదులు అక్కడివే. అది తూటాకున్న పరిమితి, ఎవరో కావాలని పెట్టింది కాదు. 2019లో మనవాళ్లు 72,400 సిగ్ 716 రైఫిళ్లు 7.62లో కొన్నది కూడా ఎక్కువ దూరం, ఎక్కువ దెబ్బ కోసమే.

అపోహ: కాలికి కొట్టి పడేస్తే చాలు కదా.

మనిషి ఆకారంలో ఉండే ఫిగర్ టార్గెట్ నడిమధ్యకే గురి పెట్టమంటారు, కాలికి పెట్టమన్న ఉస్తాద్ నాకైతే తగల్లేదు. మనకే ఊపిరాడనప్పుడు పరిగెత్తేవాడి కాలు ఎక్కడ దొరుకుతుంది? పైగా తొడలో పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

అపోహ: గాయపడ్డాడంటే వాడి పని అయిపోయినట్టే.

1999 జూలైలో, కార్గిల్ యుద్ధంలో, టైగర్ హిల్ మీద 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ జవాను యోగేంద్ర సింగ్ యాదవ్‌కి ఎన్నో తూటాలు దిగాయి. చచ్చాడనుకుని శత్రువు వదిలేస్తే ఆయన గ్రెనేడ్ విసిరి, పాక్కుంటూ కిందికొచ్చి వాళ్ల ప్లాన్ చెప్పాడు. పరమవీర చక్ర ఊరికే రాలేదు. మోసుకెళ్లే ఇద్దరి సంగతి కూడా అంతే, కాల్పుల మధ్య స్ట్రెచర్ ఎవరూ తేరు. ముందు ఎదురుకాల్పులు, చేయి ఆడితే గాయపడ్డవాడు కూడా కాలుస్తూనే ఉండాలి.

చంపడం కన్నా గాయపరచడమే మేలన్న ఆ మొదటి లెక్కలో కాస్త నిజం ఉందంటే మందుపాతరల దగ్గరే. చిన్న రకాల్లో పాదం పోయేంత మందే ఉంటుంది.

అపోహ: యుద్ధంలో పడిపోయినవాణ్ని ముగించేయొచ్చు.

కుదరదు. పోరాడలేక పడిపోయినవాడికీ, ఆయుధం వదిలి లొంగినవాడికీ 1949 జెనీవా ఒప్పందాల రక్షణ ఉంది. శత్రువైనా వైద్యం చేయాల్సిందే. కానీ గ్రెనేడ్ మీద చేయి పెట్టుకుని పడుకున్నవాడు లొంగినట్టు కాదు. అందుకే ఒకడు గురి తిప్పకుండా కవర్ ఇస్తుంటే ఇంకొకడు దగ్గరికెళ్లి ముందు ఆయుధం లాగేస్తాడు, చేతులు చూస్తాడు, గాయానికి కట్టు (ఫీల్డ్ డ్రెస్సింగ్) ఆ తర్వాతే.